లిస్ట్-ఐడి ఫిల్టర్: ఎనిమిదేళ్లు వాడాక

మెయిలింగ్ లిస్టుల (ఒక అడ్రస్‌కి రాస్తే సభ్యులందరికీ చేరే చర్చా గుంపుల) మెయిళ్లను ఇన్‌బాక్స్‌లో పడకుండా వేరే ఫోల్డర్లోకి పంపడానికి మొదట్లో నేనూ సబ్జెక్ట్‌లో చదరపు బ్రాకెట్ల మధ్య కనిపించే లిస్టు పేరు చూసే ఫిల్టర్ పెట్టుకున్నాను. లిస్టులోని మెయిల్‌ని ఎవరైనా నాకు విడిగా ఫార్వర్డ్ చేసి "ఇది చూడు, అర్జెంట్" అంటే అదీ ఆ ఫోల్డర్లోకే పోయేది, నేను రెండు వారాలకు చూసుకునేవాణ్ణి. 'టు' అడ్రస్ మీద పెడితే, లిస్టును సీసీలోకో బీసీసీలోకో తోసేవాళ్ల మెయిళ్లు జారిపోయేవి. 'ఫ్రమ్' సంగతి సరేసరి, డీమార్క్ (పంపినవాళ్ల అడ్రస్ నకిలీదేమో పట్టే పద్ధతి) వచ్చాక చాలా లిస్టులు పంపినవాళ్ల అడ్రస్ తీసేసి తమది పెట్టేస్తున్నాయి.

ఇప్పుడు సర్వర్‌లో సీవ్ (మెయిల్ ఫిల్టర్లు రాసే భాష) రూల్స్, అన్నీ లిస్ట్-ఐడి హెడర్ మీదే, అంటే మెయిల్ పైభాగంలో అది ఏ లిస్టుదో చెప్పే వరుస మీదే. ఫోన్‌లో చూసినా ల్యాప్‌టాప్‌లో చూసినా మెయిల్ అప్పటికే ఫోల్డర్లో ఉంటుంది. జీమెయిల్‌లో ఉంటే ఫిల్టర్ పెట్టె తెరిచి 'లిస్ట్:' అని రాసి ఐడి ఇస్తే చాలు. 2001లో ఆర్‌ఎఫ్‌సీ 2919 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఈ హెడర్‌ని నిర్దేశించినప్పుడే, లిస్టు వేరే మెషీన్‌కి మారినా ఐడి మారకూడదన్నారు. నేను చూసినంతలో ఆ మాట బాగానే నిలబడింది.

ఒక్కటి మాత్రం దెబ్బ తిని నేర్చుకున్నాను. హెడర్లో ముందు వివరణ, తర్వాత కోణపు బ్రాకెట్లలో అసలు ఐడి ఉంటాయి. నేను వివరణతో పోల్చాను, అడ్మిన్ ఎవరో దాన్ని కాస్త చక్కగా మార్చాడు, తెల్లారేసరికి ఇన్‌బాక్స్ నిండిపోయింది. ఐడితోనే పోల్చండి, ముందున్న కోణపు బ్రాకెట్‌తో సహా, లేకపోతే 'దేవ్' కోసం రాసిన రూల్ 'వెబ్-దేవ్'నీ లాక్కుపోతుంది. రూల్ చివర 'స్టాప్' (కింది రూల్స్ చూడకుండా ఆపేది) కూడా మరవొద్దు. లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్ (లిస్టు నుంచి తప్పుకునే దారి చెప్పే హెడర్) ఉన్నవన్నీ ప్రకటనల ఫోల్డర్‌కి పంపే రూల్ నాకు కింద ఉంది, చర్చా లిస్టుల్లోనూ ఆ హెడర్ ఉంటుంది కదా.

తీరని తలనొప్పి రిప్లై-ఆల్. ఎవరైనా అలా జవాబిస్తే ఒక కాపీ లిస్టుకీ ఇంకొకటి నేరుగా నాకూ వస్తుంది. నాకు నేరుగా వచ్చే కాపీ లిస్టు సర్వర్ గుండా రాదు, కాబట్టి దానికి లిస్ట్-ఐడి ఉండదు, ఇన్‌బాక్స్‌లోనే దిగుతుంది. పైగా మెయిల్‌మ్యాన్ (లిస్టులు నడిపే సాఫ్ట్‌వేర్) లిస్టుల్లో డూప్లికేట్లు వద్దనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే లిస్టు కాపీ అసలు రానే రాదు, ఫోల్డర్లో చర్చ మధ్యమధ్యలో తెగిపోయి కనిపిస్తుంది. ఇది అర్థమవడానికి నాకు ఏడాది పట్టింది, అంతవరకూ ఫిల్టర్‌నే తిట్టుకున్నాను! ఇప్పుడు చేరిన ప్రతి లిస్టులోనూ ముందు ఆ సెట్టింగ్ ఆపేస్తాను. రెండేసి కాపీలు వస్తాయి, రానీ.