నోట్లో తెల్లపూత: మౌత్ పెయింటా, మాత్రా?

నాలుక మీద, బుగ్గల లోపల పెరుగు తునకల్లాంటి తెల్లమచ్చలు కనిపిస్తే అది చాలాసార్లు క్యాండిడా అనే ఫంగస్ పనే. హైదరాబాద్ మెడికల్ షాపుల్లో దీనికి దొరికే మందుల్లో ముఖ్యమైనవి రెండు: క్లోట్రిమాజోల్ మౌత్ పెయింట్, ఫ్లుకొనజోల్ మాత్ర.

పూత కొద్దిగానే ఉంటే నా ఓటు మౌత్ పెయింట్‌కే. అది నోట్లోనే పనిచేస్తుంది, రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. కాకపోతే ఓపిక కావాలి. రోజుకు మూడు నాలుగు సార్లు, తిన్న తర్వాత రాయాలి. రాశాక అరగంట ఇరానీ చాయ్ కూడా తాగకూడదు. మచ్చలు పోయాయని మధ్యలో ఆపేస్తే మళ్లీ వస్తుంది.

మాత్ర సులువు. రోజుకొకటి, సాధారణంగా 7 నుంచి 14 రోజులు. పూత బాగా ఎక్కువైనా, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకైనా ఇదే నయం. కానీ కొన్ని ఇతర మందులతో దీనికి పడదు. షుగర్‌కి గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్లకు షుగర్ మరీ పడిపోవచ్చు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు రక్తస్రావం కావచ్చు. వీళ్లూ, గర్భిణులూ దయచేసి డాక్టర్‌ని అడగకుండా కొనకండి.

ఏది వాడినా కారణాన్ని పట్టుకోవాలి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయండి. కట్టుడు పళ్లు రాత్రి తీసి శుభ్రం చేయండి. మింగుతుంటే నొప్పి పుడితే మాత్రం సొంత వైద్యం వద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.