రాత్రి చుక్కలకు, పగలు ఊర్లకు: ఐదేళ్లుగా నా బ్యాగులో ఉన్న 14 ఎంఎం లెన్స్

డబ్బా విప్పిన వారానికి రాస్తున్న రివ్యూ కాదిది. 2020 చివర్లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సరు) కెమెరాకు 14 ఎంఎం, అంటే బాగా వెడల్పుగా చూసేది, ఎఫ్ 2.8 (లోపలి రంధ్రం ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, అది చిన్నదైతే వెలుగు ఎక్కువ), ఆటోఫోకస్ లేదు, అన్నీ చేత్తో తిప్పుకోవాల్సిందే. కంపెనీ పేరు రాయడం లేదు, ఈ తరహా చవక మాన్యువల్ లెన్సులు కాస్త అటూ ఇటూగా అన్నీ ఇంతే. ముందు గాజు కోడిగుడ్డులా ఉబ్బి ఉంటుంది, మామూలు ఫిల్టరు బిగించడానికి మర లేదు, మూత మాత్రం ఎప్పుడు చూసినా ఊడిపోయి బ్యాగు అడుగున ఉంటుంది.

కొన్నది చుక్కల కోసమే. మాది ప్రొద్దుటూరు, గండికోటకు బండి మీద గంట. కింద పెన్నా లోయ, పైన పాలపుంత, రెండూ ఒకే ఫ్రేములో అని మనసులో ఫోటో ముందే తీసేసుకుని పోయా. పోయాక గానీ బుర్ర వెలగలేదు. లోయ ఉండేది కోటకు ఉత్తరాన, పాలపుంతలో బాగా వెలిగే భాగం, అదే ధనుస్సు, వృశ్చికం ఉండే చోటు, ఆగ్నేయంలో లేచి దక్షిణం మీదుగా పోతుంది. లోయకేసి నిలబడితే అది నా వీపు వెనక. పైగా ఆగ్నేయం అంటే ముద్దనూరు, ఎర్రగుంట్ల వైపు, అక్కడి ఫ్యాక్టరీల వెలుగు ఆకాశం అంచున నారింజ మరకలా పడుతుంది. కాబట్టి పాలపుంత కావాలంటే కాస్త రాత్రి ముదిరి అది పైకెక్కే దాకా ఆగి, ముందర మాధవరాయ గుడి గోపురం దూరంగా వచ్చేలా బయటి నుంచి తీస్తా.

లోయకు మాత్రం వేరే పని దొరికింది. మన దగ్గర ధ్రువనక్షత్రం దాదాపు 15 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంటే చెయ్యి చాచి చూస్తే పిడికిలిన్నర. ఈ లెన్స్ మూల నుంచి మూలకు 114 డిగ్రీలు చూస్తుంది కాబట్టి కింద బండలూ, లోయా, ధ్రువుడూ, దాని పైన బోలెడు ఆకాశం అన్నీ పడతాయి. ట్రైపాడ్ కదపకుండా 30 సెకన్లవి 120 ఫోటోలు తీసి కంప్యూటర్లో కలిపితే చుక్కల వలయాలు అవతలి కొండ అంచుకు తగిలి ఆగిపోయినట్టు వస్తాయి. మా ఇంట్లో ఫ్రేము కట్టించిన ఒకే ఒక్క ఫోటో అది. ఆ జనవరి రాత్రి ఊరాయన ఒకాయన టార్చి పట్టుకుని వచ్చి "ఏం సామీ, ఈ చీకట్లో ఏం జేచ్చాండారు?" అన్నాడు. స్క్రీన్ చూపిస్తే అందులో పిల్లలకోడి (కృత్తికల గుంపు) ఎక్కడా అని వెతికాడు. అది మన నెత్తి మీద ఉంది తాతా, కెమెరా అటు తిప్పలేదు అంటే, "మరి దాన్ని ఇడ్సిపెట్టి ఏం తీసినావ్?" అన్నాడు. సమాధానం లేదు నా దగ్గర.

పాలపుంతకు నా లెక్క ఎఫ్ 2.8, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 3200, 20 సెకన్లు. చుక్కలు సాగకుండా ఎన్ని సెకన్లు తీయొచ్చో తేల్చడానికి 500ని లెన్స్ ఎంఎంతో భాగించమంటారు, 14తో భాగిస్తే 35 సెకన్లు వస్తుంది గానీ, నా 24 మెగాపిక్సెల్ కెమెరాలో అంతసేపు ఉంచితే చుక్కలు బియ్యపు గింజల్లా సాగుతాయి. 2.8లో మూలల చుక్కలకు చిన్న చిన్న రెక్కలు కూడా మొలుస్తాయి, ఎఫ్ 4కి తగ్గిస్తే చాలావరకు పోతాయి, కానీ అప్పుడు వెలుగు సగం.

అసలు బాధ ఫోకస్‌తో. రింగు మీద అనంతం గుర్తు ఉన్న చోట అనంతం లేదు. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక స్క్రీన్ మీద, ప్రకాశమైన చుక్కను పది రెట్లు పెద్దది చేసి, అది సూది మొనంత అయ్యేదాకా తిప్పి, అక్కడ రింగుకు ఎలక్ట్రికల్ టేపు చుడతా. 2022 ఏప్రిల్‌లో టేపు మధ్యాహ్నమే, దూరపు కొండను చూసి చుట్టేశా. రాత్రి మూడు గంటలు తీశా, చిన్న స్క్రీన్ మీద అన్నీ బ్రహ్మాండంగా కనిపించాయి. తెల్లారి జమ్మలమడుగులో టీ కొట్టు దగ్గర ఫోటోలు పెద్దవి చేసి చూస్తే ఒక్కో చుక్కా మరమరాలంత. ఒక్కటీ పనికిరాలేదు.

ఎప్పుడు పోవాలో యాప్ కంటే గోడ మీది క్యాలెండరే బాగా చెప్తుంది. అమావాస్య నాడు సంచి భుజానేసుకుంటే "ఈ పొద్దు ప్రయాణమేందిరా" అని అమ్మ మొదలుపెడుతుంది, అందుకని ఒక్కోసారి శుద్ధ తదియకో చవితికో పోతా. మే నెలలో అయితే ఇదే మేలు, సన్న వెన్నెల్లో బండలూ గోడలూ తీసుకోవచ్చు, చంద్రుడు దిగిపోయాక పాలపుంత పని. ఫిబ్రవరి చివర్లో అయితే తెల్లవారుజామున రెండు దాటాక లేస్తుంది, నిద్ర కాచుకోవాలి.

పగటి ఫోటోలకు ఇంత వాడతానని కొన్నప్పుడు అనుకోలేదు. ఎఫ్ 8 పెట్టి మీటరు దూరంలో ఫోకస్ వదిలేస్తే కాళ్ల దగ్గరి రాయి నుంచి అవతలి కొండ దాకా అంతా స్పష్టం, ఇక రింగు ముట్టుకోనక్కర్లేదు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను కింద ఊడల మధ్య నిలబడి తీస్తే అది చెట్టులా కాదు, ఒక ఊరిలా వస్తుంది. బెలూం గుహల్లోనూ అంతే. లేపాక్షి మండపంలో మాత్రం పరువు తీసింది. స్తంభాలూ దూలాలూ మీసంలాగా మధ్యలో ఒకలా, చివర్లో ఇంకోలా వంగిపోయాయి, ఎడిటింగ్‌లో ఈ లెన్స్ ప్రొఫైల్ (దీని వంపుల్ని సరిచేసే సెట్టింగు) వేస్తేనే దారికొచ్చాయి. మనుషుల్ని అంచున నిలబెట్టొద్దు, మా అక్క తన చెయ్యి చూసుకుని ఇప్పటికీ తిడుతుంది.

2024 సెప్టెంబరు చివర్లో త్సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క వచ్చినప్పుడు తెల్లవారుజామున తూర్పుకు తిప్పి దీంతోనే తీశా. ఫోటోలో గోరుతో గీరిన గీతంత ఉంది. అలాంటి వాటికి ఇంకా దగ్గరగా చూపే 85 ఎంఎం లాంటిది కావాలి, అది అడిగి తెచ్చుకోండి.

కొనేవాళ్లకు ఒక్క మాట. నేను మొదట తెప్పించుకున్న పీసులో కుడి పక్క మూలలు మసకగా ఉంటే వాపసు చేశా, ఇది రెండోది. నాలుగు మూలల్లోనూ చుక్కలు ఒకేలా ఉన్నాయా లేదా చూసుకోండి. పగలు గోడకు తీసిన ఫోటోలో ఈ తేడా నాకు తెలియలేదు, అందుకే అమ్మేవాళ్లను పొద్దు గుంకాక కలవండి.