అంటు మొక్కకు నీళ్లు: రోజూ చెంబుడా, వారానికో పాదా, కుండా, డ్రిప్పా?

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో మనవాళ్ల తోటల్లో శివరాత్రి దాటితే మొదలయ్యే పేచీ ఇది. వానాకాలంలో నాటిన మామిడి, జీడి అంట్లు మొదటి ఎండాకాలంలోకి వస్తాయి. రోజూ మొక్క మొదలు దగ్గర చెంబుడు పొయ్యమని తాతగారు, డ్రిప్పు వేయించమని కుర్రాళ్లు. "వేరుకి నీళ్లెక్కడున్నాయో తెలుసురా, అదే పోతుంది" అనేవాళ్లు మూడో రకం. ముందు వీళ్ల సంగతి చూద్దాం.

వేరుకు తడి తెలిసే మాట నిజమే. జర్మనీలో జూలియస్ జాక్స్ అనే వృక్షశాస్త్రవేత్త 1872లో తడి రంపపుపొట్టు నింపిన జల్లెడలో గింజలు మొలిపించి, దాన్ని వాలుగా వేలాడదీశాడు. వేర్లు బరువు లాగిన దారినే కిందికి దిగి, జల్లెడ కన్నాల్లోంచి బయటపడ్డాయి. బయట పొడిగాలి తగలగానే పక్కకు తిరిగి, తడిగా ఉన్న జల్లెడ అడుగును అంటుకుని పాకాయి. 2007లో జపాన్ శాస్త్రవేత్తలు ఈ మలుపుకు కావలసిన ఒక జన్యువును కూడా పట్టుకున్నారు. అది దెబ్బతిన్న మొక్క వేరు తడి వైపు తిరగదు.

అయితే ఆ జ్ఞానం చాలా దగ్గరి చూపు. తనకు ఈ పక్క మట్టి ఎంత తడి, ఆ పక్క ఎంత తడి అన్న తేడానే వేరు కొస పసిగడుతుంది. పది గజాల అవతల నుయ్యి ఉందని దానికి తెలిసే దారి లేదు. పిల్లవేర్లదీ అదే తీరు: తడి మట్టి ఆనుకున్న వైపే పుడతాయి, పొడిగా ఉన్న వైపు దాదాపు పుట్టవు. మధ్యలో జానెడు ఎండుమట్టి అడ్డముంటే అవతల చెరువున్నా లేనట్టే. కాబట్టి ఏ పద్ధతినైనా ఒక్క ప్రశ్నతో తూచాలి: వేరు ఇప్పుడున్న చోటు నుంచి బయటికీ లోతుకూ తడి తెగకుండా ఉంటోందా?

రోజూ చెంబుడు ఇక్కడే ఓడిపోతుంది. నాలుగు వేళ్ల లోతు తడిసి సాయంత్రానికి ఆరిపోతుంది. వేర్లన్నీ పైపైనే గుమిగూడతాయి. వైశాఖంలో రెండు రోజులు ఊరెళ్లి వస్తే మొక్క వాలిపోయి ఉంటుంది. పైగా రోజూ మొదలే తడుస్తుంటే కుళ్లు పట్టవచ్చు.

వారానికోసారి పాదు నిండా పొయ్యడం నా ఓటు దక్కే పద్ధతి, కానీ దీన్నీ చాలామంది తప్పుగానే చేస్తారు. పుస్తకంలో ఉందని మొదటి ఏడాదే గజం దూరాన గుండ్రంగా కాలవ తీసి అందులో పోస్తారు. అంటు వేర్లు ఇంకా కవరు మట్టి ముద్ద దాటి రాలేదు. ఆ నీళ్లు ఎవరి కోసం? మొదట ముద్ద అంచునే తడపాలి. కొత్త చిగుళ్లు సాగేకొద్దీ పాదును బయటికి జరుపుతూ, చివరికి మిట్టమధ్యాహ్నం కొమ్మల నీడ పడే అంచుకు తేవాలి. కొండవాలులో గుండ్రటి పాదు నిలవదు, పల్లం వైపు అర్ధచంద్రంలా గట్టు వెయ్యండి. పైన ఎండుటాకులు పరిస్తే వారం తడి పది రోజులకు సాగుతుంది. మన ఎర్ర గరప నేల నీళ్లను త్వరగా దించేస్తుంది, అక్కడ వారం గడువు సరిపోతుంది. వంశధార ఒడ్డు బంకమట్టిలో అదే లెక్క పాటిస్తే వేరుకు గాలి ఆడదు. అక్కడ గునపంతో పొడిచి, లోపల మట్టి పొడిబారాకే పొయ్యాలి.

డ్రిప్పు చెడ్డది కాదు, దాన్ని వేసి మరచిపోవడమే చెడ్డది. నీటిచుక్క పడే చోటి కింద ఎంత మట్టి తడుస్తుందో వేర్లు అంతలోనే దట్టంగా అల్లుకుంటాయి. ఇసుక నేలలో ఆ తడి సన్నగా కిందికి దిగిపోతుంది, పక్కకు పెద్దగా పాకదు. గొట్టాన్ని ఏటా మొదలుకు దూరంగా జరిపి, చుక్క పడే చోట్లు పెంచే ఓపిక ఉంటేనే పెట్టిన డబ్బుకు న్యాయం.

బోరింగు నుంచి బిందెలతో మోసుకునేవాళ్లకైతే కుండే మేలు. చైనాలో రెండు వేల ఏళ్ల కిందటే ఉన్న పద్ధతి ఇది. నున్నగా పూత పూయని మట్టికుండను మొక్క పక్కన మెడ దాకా పాతి నింపితే, చుట్టూ మట్టి ఆరేకొద్దీ నీరు ఊరుతుంది. తడిగా ఉంటే ఊట తగ్గుతుంది. వేర్లు కుండను చుట్టేసుకుంటాయి. ఉప్పునీళ్లయితే కొన్నాళ్లకు సన్నటి రంధ్రాలు పూడిపోతాయి, అప్పుడు కుండ మార్చుకోవాలి. పెద్ద చెట్టుకు ఇది చాలదు గానీ మొదటి రెండు వేసవులు గట్టెక్కిస్తుంది. ఆ తర్వాత పాదుకు మారిపోవచ్చు. కుండ మూతి మీద పెంకో పలకో తప్పక పెట్టండి. నిలవ నీట్లో దోమలు గుడ్లు పెడతాయి, జ్వరాల సంగతి మన కొండ ఊళ్లకు ఒకరు చెప్పాలా!