పేలుడుకు కిటికీ అద్దం: స్ప్రింగ్ లెక్కా, ఫైనైట్ ఎలిమెంట్ మోడలా?

తిరుపతి బస్టాండు ఎదుట హోటల్‌కు 6+6 మి.మీ. లామినేటెడ్ అద్దం, అంటే రెండు అద్దాల మధ్యలో 1.52 మి.మీ. పీవీబీ అనే ప్లాస్టిక్ పొర అనుకుందాం. పేలుడుకు ఎంత మందం కావాలో తేల్చడానికి ఎస్‌డీఓఎఫ్ (సింగిల్ డిగ్రీ ఆఫ్ ఫ్రీడమ్) అనే స్ప్రింగ్ లెక్క చాలు. అద్దాన్ని ఒక బరువు, ఒక స్ప్రింగ్‌గా తీసుకుంటుంది. ఎక్సెల్‌లోనే పీడనం, ఇంపల్స్ (పీడనం ఎంతసేపు ఉందో కలిపిన మొత్తం తాకిడి) మార్చి ఎన్ని కేసులైనా చూసుకోవచ్చు. కాకపోతే ఫ్రేము కదలదనుకుంటుంది. గట్టి లామినేటెడ్ అద్దమైతే ముందు ఊడొచ్చేది అంచు సిలికానో, గోడ బోల్టులో కావచ్చు!

అది కనబడాలంటే ఎల్‌ఎస్-డైనా సాఫ్ట్‌వేర్‌లో ఫైనైట్ ఎలిమెంట్ మోడలే, అంటే అద్దాన్నీ ఫ్రేమునూ చిన్న చిన్న ముక్కలుగా (ఎలిమెంట్లుగా) విడగొట్టిన మోడలే కట్టాలి. అద్దానికి బిగువు 70 గిగాపాస్కల్స్, సాంద్రత ఘనమీటరుకు 2500 కిలోలు ఇవ్వడం తేలికే, చిక్కంతా పీవీబీతోనే. 20 డిగ్రీల విలువలు పెడితే మన మే నెల ఎండకు చెల్లవు, పొర మెత్తబడిపోతుంది. పగిలిన ఎలిమెంట్లను తీసేసే సెట్టింగు ఇంకో తంటా: వాటితోపాటే బరువూ, ఊపూ మాయమై, పొర ఎంత సాగిందో తప్పుగా చూపించవచ్చు.