కానికోతో ఆరేళ్లు: ఏ మార్పు పనికొచ్చింది, ఎక్కడ చిక్కుకున్నాం

కుబర్నెటీస్ (చాలా మెషీన్ల మీద కంటైనర్లని నడిపే వ్యవస్థ) క్లస్టర్ లోపలే కంటైనర్ ఇమేజ్‌లు, అంటే యాప్‌ని దానికి కావాల్సిన ఫైళ్లతో సహా కట్టిన ప్యాకేజీలు, బిల్డ్ చేయడానికి మేము 2019 నుంచి కానికో అనే టూల్ వాడుతున్నాం. అంతకుముందు నోడ్‌లోని (క్లస్టర్‌లోని ఒక మెషీన్) డాకర్ సాకెట్‌ని, అంటే డాకర్‌కి ఆదేశాలు పంపే దారిని, బిల్డ్ పాడ్‌కి (కంటైనర్ నడిచే యూనిట్) మౌంట్ చేసేవాళ్లం. పని జరిగేది కానీ, ఆ సాకెట్ ఎవరి చేతికి చిక్కితే నోడ్ మొత్తం వాళ్ల చేతికి వెళ్లినట్టే. ఆ భయంతోనే వెతుకుతుంటే, 2018లో గూగుల్ ఓపెన్ సోర్స్ చేసిన ఈ టూల్ కనిపించింది. దీనికి డాకర్ డీమన్ (వెనకాల ఎప్పుడూ నడిచే డాకర్ ప్రోగ్రామ్) అక్కర్లేదు, పాడ్‌కి ప్రివిలేజ్డ్ మోడ్ (నోడ్ మీద పూర్తి అధికారాలు) ఇవ్వక్కర్లేదు. మామూలు పాడ్‌లా లేస్తుంది, బిల్డ్ చేస్తుంది, రిజిస్ట్రీకి (ఇమేజ్‌లు దాచే సర్వర్) పుష్ చేసి వెళ్లిపోతుంది.

ఇది పనిచేసే పద్ధతి ముందు తెలిస్తే తర్వాత వచ్చే తలనొప్పుల్లో సగం అర్థమవుతాయి. బేస్ ఇమేజ్‌లోని ఫైళ్లన్నిటినీ కానికో తన కంటైనర్ రూట్‌లోనే విప్పుకుంటుంది. డాకర్‌ఫైల్‌లోని (ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే ఫైల్) కమాండ్లను అక్కడే వరుసగా నడుపుతుంది. కమాండ్ అయ్యాక ఫైల్‌సిస్టమ్ అంతా తిరిగి, ఏ ఫైళ్లు మారాయో పట్టుకుని, వాటిని కొత్త లేయర్‌గా (ఇమేజ్‌లో ఒక పొర) కడుతుంది. ఆ తిరగడాన్నే స్నాప్‌షాట్ అంటారు. మంచీ చెడ్డా రెండూ అందులోనే ఉన్నాయి.

మొదటి దెబ్బ మాకు అక్కడే తగిలింది. స్నాప్‌షాట్ మోడ్‌కి డిఫాల్ట్ ఫుల్. అందులో ఫైల్ లోపలి డేటాని కూడా చదివి హ్యాష్ (డేటాకి వేలిముద్ర లాంటిది) తీస్తుంది కాబట్టి నమ్మకమైనది, కానీ నెమ్మది. వేలకొద్దీ చిన్న చిన్న ఫైళ్లుండే నోడ్‌జేఎస్ ప్రాజెక్టుల్లో అయితే ప్రాణం విసిగిపోయేది. స్పీడ్ కోసం టైమ్ మోడ్ పెట్టాం. బిల్డ్ టైమ్ బాగా తగ్గింది, అందరం సంతోషించాం. రెండు రోజులకి ఒక సర్వీస్ లేవడం మానేసింది. లాగ్‌లో ఒకటే మాట, పర్మిషన్ డినైడ్. డాకర్‌ఫైల్ చూస్తే చౌన్ (ఫైల్ ఓనర్‌ని మార్చే కమాండ్) లైన్ ఉంది. బిల్డ్ లాగ్ చూస్తే ఆ లైన్ తప్పు లేకుండా నడిచింది. ఇమేజ్ లోపలికెళ్లి చూస్తే మాత్రం ఫోల్డర్ ఓనర్ ఇంకా రూట్ యూజరే!

కారణం పట్టుకోవడానికి ఒక పూట పట్టింది. టైమ్ మోడ్ చూసేది ఫైల్ చివరిసారి మారిన సమయం ఒక్కటే. చౌన్ చేసినా, చ్‌మాడ్ (పర్మిషన్లు మార్చే కమాండ్) చేసినా ఫైల్ లోపలి డేటా మారదు, అందుకని ఆ సమయమూ మారదు. దాంతో కానికో దృష్టిలో అక్కడ ఏమీ జరగనట్టే, లేయర్‌లోకి ఏమీ ఎక్కలేదు. తర్వాత వచ్చిన రెడో మోడ్ సమయంతో పాటు సైజు, పర్మిషన్లు, యూజర్, గ్రూప్ కూడా చూస్తుంది కానీ ఫైల్‌ని పూర్తిగా చదవదు. ఆరేళ్లలో వచ్చిన మార్పుల్లో మాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. ఇప్పుడు మా పైప్‌లైన్లన్నీ (ఆటోమేటిక్‌గా నడిచే బిల్డ్‌లు) రెడో మీదే నడుస్తున్నాయి. ఆ తర్వాత మళ్లీ పర్మిషన్ సమస్య రాలేదు.

ఇంకా స్పీడ్ కావాలంటే యూజ్-న్యూ-రన్ అనే ఫ్లాగ్ ఉంది. రన్ కమాండ్‌కి ముందు ఒక గుర్తు ఫైల్ పెట్టి, దానికంటే కొత్త ఫైళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. ఇది ప్రయోగాత్మకమని, కొన్నిసార్లు ఫైళ్లు తప్పిపోవచ్చని వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాశారు. చౌన్‌తో ఒకసారి చేయి కాల్చుకున్న నేను దాన్ని ప్రొడక్షన్‌కి ఇప్పటికీ ఆన్ చేయలేదు.

ఇక మెమరీ. పెద్ద ఇమేజ్‌ల బిల్డ్ మధ్యలో పాడ్ 137 కోడ్‌తో చచ్చిపోయేది. అది మెమరీ చాలక కెర్నల్ చంపేసిందని అర్థం. మేము లిమిట్ పెంచుతూ పోయాం, అది తింటూ పోయింది. చివరికి కంప్రెస్డ్-క్యాషింగ్ ఫ్లాగ్‌ని ఫాల్స్ చేశాక ఊపిరి పీల్చుకున్నాం. అలా చేస్తే క్యాష్‌లోకి వెళ్లే లేయర్లను కంప్రెస్ చేయదు. బిల్డ్ కాస్త ఆలస్యమవుతుంది, కానీ మెమరీ వాడకం దిగుతుంది. మెమరీ చాలక పాడ్‌లు పోతుంటే లిమిట్ పెంచే ముందు ఇది చూడండి.

క్యాష్ గురించి ఒక మాట చెప్పాలి. లేయర్ క్యాష్‌ని ఇది రిజిస్ట్రీలోనే పెడుతుంది, కాబట్టి పాడ్ ఏ నోడ్‌లో లేచినా క్యాష్ దొరుకుతుంది. క్లస్టర్‌లో ఇది చాలా పెద్ద సుఖం. కాకపోతే క్యాష్ గడువు డిఫాల్ట్‌గా 2 వారాలు. ప్యాకేజీలు అప్‌గ్రేడ్ చేసే రన్ లైన్ మారకుండా, బేస్ ఇమేజ్ కూడా మారకుండా ఉంటే, ఈ మధ్య వచ్చిన సెక్యూరిటీ ప్యాచ్‌లు మీ ఇమేజ్‌లోకి రావు, పాత లేయరే వస్తుంది. స్కానర్ రిపోర్ట్ వచ్చేదాకా మాకు ఈ సంగతి తట్టలేదు. ఇప్పుడు గడువుని 72 గంటలకు దించాం. కాపీ లేయర్లను క్యాష్ చేసే ఫ్లాగ్ కూడా ఉంది, అది మాకు పెద్దగా కలిసి రాలేదు.

చిన్న విషయాలు: కానికో మామూలు ఇమేజ్‌లో షెల్ ఉండదు, సీఐ (ఆటోమేటిక్ బిల్డ్, టెస్ట్) జాబ్‌లో స్క్రిప్ట్ నడపాలంటే డీబగ్ ట్యాగ్ ఉన్నది తీసుకోవాలి. వార్ డైరెక్టరీలోని రన్ ఫోల్డర్‌ని స్నాప్‌షాట్‌లో కావాలనే వదిలేస్తుంది, అక్కడ మీ యాప్‌కి ఏదైనా కావాలంటే ఇగ్నోర్-వార్-రన్‌ని ఫాల్స్ చేయాలి. రన్ లైన్‌లో క్యాష్ మౌంట్ పెట్టే బిల్డ్‌కిట్ (డాకర్ బిల్డ్ ఇంజిన్) సౌకర్యం ఇక్కడ పనిచేయదు. ఆర్మ్ (వేరే రకం ప్రాసెసర్) ఇమేజ్ కావాలంటే ఆర్మ్ నోడ్ మీదే బిల్డ్ చేయాలి.

ఇన్ని చెప్పినా, 2022 మేలో కుబర్నెటీస్ 1.24 వచ్చి డాకర్‌షిమ్‌ని (నోడ్‌లలో డాకర్‌తో కంటైనర్లు నడపనిచ్చే భాగం) తీసేసినప్పుడు దీని విలువ తెలిసింది. సాకెట్ మీద ఆధారపడిన టీమ్‌లు బిల్డ్‌లు ఎలా నడపాలా అని తల పట్టుకుంటే, మా వైపు ఒక్క పైప్‌లైన్ కూడా ఆగలేదు. ఆ వారం మాకు ఏ టెన్షనూ లేదు.

2025 జూన్‌లో కానికో అసలు రిపాజిటరీని ఆర్కైవ్ చేశారు. ఇక అక్కడి నుంచి కొత్త వెర్షన్లు రావు. ఆ వార్త చదివినప్పుడు నిజంగా బాధేసింది, ఎందుకంటే రోజూ వందసార్లు నడిచే పనిముట్టు అది. చైన్‌గార్డ్ అనే కంపెనీ వాళ్లు ఫోర్క్ (కోడ్‌కి సొంత కాపీ) తీసుకుని నిర్వహిస్తున్నారు. మేము ఆ సోర్స్ నుంచే సొంతంగా ఎగ్జిక్యూటర్ ఇమేజ్ బిల్డ్ చేసుకుని, మా రిజిస్ట్రీలో డైజెస్ట్‌తో పిన్ చేసి (కచ్చితంగా ఆ ఇమేజే వచ్చేలా) వాడుతున్నాం. ఫ్లాగ్‌లు అవే కాబట్టి పైప్‌లైన్లలో ఇమేజ్ పేరు తప్ప ఏదీ మార్చలేదు. మీ పైప్‌లైన్లలో ఇంకా పాత ఇమేజ్ పేరే ఉంటే ఈ వారమే మార్చేయండి. ఈరోజు పనిచేస్తూనే ఉంటుంది, కానీ రేపు దాని లైబ్రరీల్లో లోపం బయటపడితే సరిచేసేవాళ్లు అక్కడ లేరు.

కొత్త ప్రాజెక్టులకు మాత్రం నేను రూట్‌లెస్ (రూట్ అధికారాలు లేకుండా నడిచే) బిల్డ్‌కిట్ పెడుతున్నాను. డాకర్‌ఫైల్‌లోని స్టేజ్‌లని ఒకేసారి నడుపుతుంది, క్యాష్ మౌంట్లు ఉన్నాయి, మెమరీ గోల తక్కువ. జావా ప్రాజెక్టుల్లో తేడా మొదటి రోజే తెలిసింది. కానీ దానికి పాడ్‌లో సెక్‌కాంప్, యాప్‌ఆర్మర్ (ప్రోగ్రామ్ ఏం చేయొచ్చో పరిమితం చేసే లినక్స్ రక్షణలు) కట్టుబాట్లని సడలించాల్సి వస్తుంది. మా క్లస్టర్లలో ఒకదానికి సెక్యూరిటీ టీమ్ ఆ సడలింపుకి ఒప్పుకోలేదు, వాళ్ల కారణాలు సబబే. అక్కడ ఇప్పటికీ కానికోనే నడుస్తోంది, రెడో మోడ్‌లో.