జీడిమెట్ల డెబ్రిస్ ప్లాంటు: ఏది పంపాలి, ఏది పంపకూడదు

మాది చిన్న కాంట్రాక్టు. హైదరాబాద్‌లో బాలానగర్ వైపు పాత ఫ్యాక్టరీ షెడ్ల మధ్య డ్రైనేజీ లైను వేస్తున్నప్పుడు తవ్విన కాంక్రీటు, ఇటుక ముక్కలు జీడిమెట్లలోని శిథిలాల రీసైక్లింగ్ ప్లాంటుకి పంపాం. 2020 నవంబరులో మొదలైన ప్లాంటు అది, సామర్థ్యం రోజుకి 500 టన్నులు. సేవ నాకు బాగా నచ్చింది. లోడు తూకం వేసి చీటీ ఇచ్చారు. చెత్త ఎక్కడికి పోయిందని అడిగితే చూపించడానికి మా దగ్గర ఆ చీటీలే ఉన్నాయి.

అయితే అన్నీ కలిపేసి పంపితే లాభం లేదు. పెద్ద పనుల్లో కాంక్రీటు, మట్టి, ఇటుక-సున్నం, ఇనుము-చెక్క-ప్లాస్టిక్ వేరు చేయాలని నిర్మాణ శిథిలాల మీద వచ్చిన 2016 నిబంధనల్లోనే చెప్పారు. మా పని చిన్నదే అయినా సైటులోనే వేరు చేయించాను. పాత ఆస్బెస్టాస్ రేకులు మాత్రం పగలగొట్టనివ్వకండి, ఈ లోడులో అసలు వేయకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు.

అసలు టెన్షన్ ఒక పాత క్రోమ్ ప్లేటింగ్ (లోహాలకి క్రోమియం పూత వేసే) షెడ్డు పక్కన మొదలైంది. జేసీబీ బకెట్లో పసుపుపచ్చ మరకల మట్టి వచ్చింది. ప్లేటింగ్ షెడ్డు దగ్గర ఆ రంగు కనబడితే విషపు క్రోమియం ఉందేమోనని అనుమానించాలి. వెంటనే పని ఆపించి, కూలీలను గోతిలోంచి పైకి రమ్మన్నాను. తీసిన మట్టి కింద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, పైన టార్పాలిన్ కప్పాం. గోతిలో ఊరిన నీళ్లు నాలాలోకి తోడనివ్వలేదు. అప్పుడే ఒక టిప్పరు ఓనరు, "మేడమ్, రాత్రికి చెరువు గట్టున దించేస్తా, సగం డబ్బులివ్వండి చాలు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ రకం క్రోమియం నీళ్లలో ఇట్టే కరుగుతుంది. చెరువులోకి, అక్కణ్నుంచి చుట్టుపక్కల బోర్లలోకి దిగుతుంది. ఆ నీళ్లు తాగేది ఎవరు?

మట్టిని వేర్వేరు చోట్ల నుంచి తీసి ల్యాబుకి ఇచ్చాం. మట్టిలోంచి నీళ్లలోకి ఎంత దిగుతుందో చూసే పరీక్ష అడగాలి. దాంట్లో క్రోమియం లీటరుకి 5 మిల్లీగ్రాములకి చేరితే అది ప్రమాదకర వ్యర్థం. మాది దాటింది. ఇక జీడిమెట్లకి పంపే ప్రశ్నే లేదు, పంపకూడదు కూడా. అక్కడ ఆడించిన ఇసుక, కంకర మళ్లీ పేవర్ బ్లాకులై మన ఫుట్‌పాత్‌ల మీదికే వస్తాయి. ఇలాంటి మట్టి కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో, ఫారం 10 మానిఫెస్టుతో (వ్యర్థం ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో రాసే చీటీ) దుండిగల్ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్లాలి. ఖర్చు ఎక్కువే, కాగితాల పని ఇంకా ఎక్కువ. అయినా అలాగే పంపాం.

రీసైకిల్ కంకర వాడాలనుకునేవాళ్లకి ఒక మాట. కంకర, ఇసుకలకి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 383 ప్రకారం ఎం25 గ్రేడు (ఎం పక్కన అంకె కాంక్రీటు బలాన్ని చెబుతుంది) వరకు ఆర్‌సీసీలో, అంటే ఇనుప చువ్వలు వేసిన కాంక్రీటులో, ముతక కంకరలో 20 శాతం దాకా కాంక్రీటు నుంచి తీసిన కంకర వాడొచ్చు. ఎం15 కంటే తక్కువ లీన్ కాంక్రీటులో (సిమెంటు తక్కువ వేసేది) ముతక కంకర మొత్తం అదే వేయొచ్చు.

టెండరు ఎస్టిమేటు వేసే ఇంజినీర్లకి నా విన్నపం: పారిశ్రామికవాడల్లో తవ్వకం పనులకి మట్టి పరీక్ష, విషపు మట్టి తరలింపు విడి ఐటెంలుగా పెట్టండి. డబ్బులు లేవన్న సాకుతోనే ఈ మట్టి చెరువుల పాలవుతోంది.