13 ఏళ్ల డీఎస్‌ఎల్‌ఆర్: వ్యూఫైండర్ మసకబారితే ఏం చేశానంటే

మాది శ్రీకాకుళం. 2012లో కొన్న డీఎస్‌ఎల్‌ఆర్‌నే ఇప్పటికీ వాడుతున్నాను. చలికాలంలో టెక్కలి దగ్గరి తేలినీలాపురం పక్షులు, దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరం సిరిమాను ఉత్సవం. ఏటా ఈ రెండింటికీ అదే కెమెరా.

కిందటేడు చింతచెట్టు మీద గూడబాతు పిల్లకు మేత పెడుతోంది. వ్యూఫైండర్‌లో కన్ను పెడితే అంతా మసక. షట్టర్ సగం నొక్కితే ఫోకస్ అయినట్టు బీప్ వచ్చింది, బొమ్మ మాత్రం తేటపడలేదు. అలాగే తీసుకుంటూ పోయాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే ఈకలు విడివిడిగా ఉన్నాయి! కెమెరా సరిగ్గానే చూస్తోంది, నాకే సరిగ్గా చూపించడం లేదు.

ముందు డయాప్టర్ చూశాను. మన చూపుకు తగ్గట్టు వ్యూఫైండర్‌ను సర్దే, కంటి దగ్గర ఉండే ఈ చిన్న చక్రం సంచిలోంచి తీసి పెట్టేటప్పుడు తిరిగిపోతూ ఉంటుంది. దీన్ని సరిచేసేటప్పుడు ఎదుటి దృశ్యాన్ని చూడకూడదు. తెల్లగోడ వైపు పెట్టి, వ్యూఫైండర్ అడుగున కనిపించే అంకెలు స్పష్టమయ్యే దాకా తిప్పాలి. నాకు అంకెలు స్పష్టంగా వచ్చాయి, దృశ్యం రాలేదు. కాబట్టి తప్పు డయాప్టర్‌ది కాదు.

తర్వాత గోడకు న్యూస్‌పేపర్ అంటించి, కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, అపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి మూడు ఫొటోలు తీశాను. ఒకటి ఆటోఫోకస్‌తో, ఒకటి లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ), ఒకటి వ్యూఫైండర్‌లో చూస్తూ చేత్తో ఫోకస్ చేసి. మొదటి రెండింటిలో అక్షరాలు చక్కగా చదవగలిగాను. మూడోది అలుక్కుపోయింది.

దీంతో సగం సమాధానం దొరికినట్టే. లెన్స్‌లోంచి వచ్చిన వెలుగులో కొంత అద్దం మీద పడి పైనున్న, వ్యూఫైండర్‌లో మనం చూసే బొమ్మ ఏర్పడే ఫోకసింగ్ స్క్రీన్‌కు పోతుంది, కొంత అద్దం వెనకున్న చిన్న అద్దం ద్వారా కిందనున్న ఆటోఫోకస్ భాగానికి చేరుతుంది. ఫొటో తీసినప్పుడు అద్దం పైకి లేచి వెలుగు సెన్సర్‌ మీద పడుతుంది. ఈ మూడు దూరాలూ సమానంగా ఉండాలి. నా కెమెరాలో తేడా పైదారిలోనే, అంటే స్క్రీన్ తన చోటు నుంచి కదిలింది.

కదిలించింది నేనే. అంతకు రెండు నెలల ముందు వ్యూఫైండర్‌లో దుమ్ము కనిపిస్తోందని దూదిపుల్లతో ఆ స్క్రీన్‌ను తుడిచాను. ఆ దుమ్ము ఫొటోలో పడదు, దాన్ని అసలు ముట్టుకోనక్కర్లేదు. ఫొటోలో మచ్చలు వస్తేనే సెన్సర్ మీద దుమ్ము ఉన్నట్టు. టార్చి వేసి చూస్తే స్క్రీన్‌ను పట్టి ఉంచే తీగ క్లిప్పు ఒక మూల గాడిలోంచి బయటికొచ్చి ఉంది.

అక్కడితో ఆగాను. విజయనగరంలో తెలిసిన మెకానిక్ పది నిమిషాల్లో క్లిప్పు సరిచేసి, అద్దం పైన పాతబడి జిగటగా మారిన ఫోమ్ పట్టీ కూడా మార్చారు. "స్క్రీన్ పోతే కొత్తది వేయొచ్చు సార్, అద్దం జోలికి మాత్రం వెళ్లకండి" అన్నారు. నిజమే. ఇంట్లో అద్దంలా కాదు, దీనికి పూత పైవైపే ఉంటుంది. దూదితో రుద్దినా గీత పడొచ్చు.

ఇక కెమెరా సంగతి. దీని వ్యూఫైండర్ ఫొటోలో పడేదాంట్లో 95 శాతమే చూపిస్తుంది. సిరిమాను ఫొటోల్లో అంచున నేను చూడని కరెంటు తీగలు ఎన్నోసార్లు వచ్చాయి. చీకట్లో నాయిస్ (ఫొటోలో గరుకు చుక్కలు) ఎక్కువ. అయినా మిట్టమధ్యాహ్నం ఎండలో వెనక స్క్రీన్ ఏమీ కనిపించనప్పుడు ఈ వ్యూఫైండరే దిక్కు. బ్యాటరీ తినదు, ఎగిరే పక్షి ఆలస్యం లేకుండా కనిపిస్తుంది. అందుకే అమ్మలేదు. సముద్రపు తేమకు ఫంగస్ పట్టకుండా మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్‌తో దాస్తున్నాను.

ఇలాంటిది సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందన్న లెక్క) ఒక్కటే అడిగి ఊరుకోకండి. షాపులోనే న్యూస్‌పేపర్ గోడకు పెట్టి ఆ మూడు ఫొటోలూ తీయండి.